వాషింగ్ మిషన్ కంపు: ప్యాకెట్ పొడి, నిమ్మ ఉప్పు, పర్‌కార్బొనేట్, మెకానిక్... ఏది దేనికి పనికొచ్చింది

తీరిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. సూపర్ మార్కెట్లో దొరికే డ్రమ్ క్లీనింగ్ పొడి ఉప్పు నీళ్ల గారకి మందు, కంపుకి కాదు. నిమ్మ ఉప్పు కూడా అంతే, కాకపోతే చవక. కంపుని నిజంగా వదిలించింది సోడియం పర్‌కార్బొనేట్ అనే తెల్ల పొడి, దానికంటే ముందు ఒక పాత టూత్ బ్రష్షు. మెకానిక్‌ని పిలిచి డ్రమ్ విప్పించడం డబ్బుకి తగ్గ పనే, కానీ పక్కన నిలబడి చూసుకునే ఓపిక ఉంటేనే.

ఇక వివరంగా. నాది ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే పిల్లలు సగం, ఉద్యోగాలు చేసేవాళ్లు సగం. రెండో అంతస్తు వెనక బాల్కనీలో ఎనిమిది కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్ ఒకటి. ఇంట్లో మిషన్ వారానికి మూడు నాలుగుసార్లు తిరుగుతుందేమో, మాది రోజంతా తిరుగుతూనే ఉంటుంది, ఆదివారం అయితే దాని దగ్గర పెద్ద క్యూ. ఒక్కో అమ్మాయిది ఒక్కో లిక్విడ్, ఒక్కో కండిషనరు. రాత్రి పదకొండుకి బట్టలు వేసి నిద్రపోయి పొద్దున్న తీసేవాళ్లు కొందరు. కాబట్టి మామూలు ఇంట్లో నాలుగేళ్లకి వచ్చే సమస్య మాకు ఏడాదికే వచ్చేస్తుంది. అందుకే నా రివ్యూ మీకు పనికొస్తుందని నా నమ్మకం.

మొదట ఫిర్యాదు తువ్వాళ్ల గురించి మొదలైంది. "ఆంటీ, ఎండలో ఆరేసినప్పుడు బానే ఉంది, స్నానం చేసి తుడుచుకుంటే ముక్కిపోయిన వాసన" అని ఒకమ్మాయి. ఆరినప్పుడు లేని వాసన తడవగానే ఎందుకు వస్తుందో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసిన ఇంకో అమ్మాయి చెప్పింది. మొరాక్సెల్లా ఒస్లొయెన్సిస్ అని ఒక బాక్టీరియా ఉందట. ఉతికిన బట్టల్లో ముక్క వాసనకి అదొక ముఖ్య కారణమని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. బట్ట ఆరినా, ఎండ తగిలినా తట్టుకుని బతుకుతుంది, మళ్లీ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. చల్లనీళ్లలో ఉతికితే దానికి పెద్ద నష్టం లేదు. మన దగ్గర వేడినీళ్ల వాష్ పెట్టేవాళ్లు ఎంతమంది? కరెంటు బిల్లు భయం. మా మిషన్ కొన్నప్పటి నుంచి పిల్లలంతా పదిహేను నిమిషాల క్విక్ వాషే.

బాక్టీరియా ఒక్కటే అయితే సులువే. అది ఊరికే తేలుతూ ఉండదు. మిగిలిపోయిన సబ్బు, కండిషనరు జిడ్డు, ఒంటి మురికి, బోరు నీళ్ల గార, అన్నీ కలిసి డ్రమ్ వెనక పక్క, నీళ్ల తొట్టి గోడకి పట్టే పాచిలాగా, ఒక పొర కడతాయి. దాని మీద మామూలు పొడి ఏది పోసినా పైపైన తగిలి వెళ్లిపోతుంది. ఇది తెలిస్తే ఏది కొనాలో, ఏది కొనక్కర్లేదో సగం అర్థమైపోతుంది.

ప్యాకెట్ పొడి సంగతి చూద్దాం. వంద గ్రాముల ప్యాకెట్, నేను కొన్నప్పుడు ధర వందకి నూట యాభైకి మధ్య. పెద్ద మిషన్ కంపెనీలు చాలావరకు తమ పేరుతో ఒకటి అమ్ముతున్నాయి, వేరే కంపెనీలవీ ఉన్నాయి. బట్టలు లేకుండా డ్రమ్ములో పోసి టబ్ క్లీన్ పెట్టాలి, ఆ బటన్ లేకపోతే కాటన్ వాష్ వేడినీళ్లలో. నేను వాడినదాని ఫలితం: తలుపు గాజు మీద తెల్లటి మసక పోయింది, డ్రమ్ము లోపల వేలితో రాస్తే గరుకు లేదు. కంపు మాత్రం కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చింది. ప్యాకెట్ మీద "దుర్వాసన తొలగిస్తుంది" అని పెద్ద అక్షరాల్లో ఉంది, వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల దగ్గర సిట్రిక్ యాసిడ్ అని ఉంది. అంటే మన నిమ్మ ఉప్పే. పొడి మోసం కాదు, చెప్పిన పనిలో సగం చక్కగా చేస్తుంది. మిగతా సగం దాని వల్ల అయ్యే పని కాదు.

నిమ్మ ఉప్పు అని తెలిశాక ప్యాకెట్లు ఎందుకు? బేగంబజార్‌లో కిలో లెక్కన తెచ్చుకున్నాను. ఒక ప్యాకెట్ ధరకి ఇంకో యాభై కలిపితే కిలో వచ్చేసింది. మాది బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్. ఫిల్టరు బాగుచేసే అబ్బాయి మీటరు ముంచితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, వెయ్యికి దగ్గర్లో చూపించింది. తాగే నీళ్లకి మన ప్రమాణం ప్రకారం 500 దాటకుండా ఉంటే మంచిది. టీడీఎస్, గార కట్టించే నీటి కాఠిన్యం ఒకటే కాదు, కానీ మా గీజర్ కాయిల్ చూస్తే రెండూ ఎక్కువే అని తెలిసిపోతుంది. ఇలాంటి నీళ్లకి నిమ్మ ఉప్పు బంగారం. ఎనిమిది కిలోల మిషన్‌కి ఓ వంద గ్రాములు డ్రమ్ములో వేసి 40 డిగ్రీల వాష్ పెడతాను. మరీ మరిగే వేడిలో వద్దు. ఎక్కువ వేడికి అది నీళ్లలోని కాల్షియంతో కలిసి కాల్షియం సిట్రేట్‌గా తెల్లగా పేరుకుంటుంది, గార తీయబోయి ఇంకో గార తెచ్చుకున్నట్టు. నెలనెలా కూడా అక్కర్లేదు, ఆమ్లం ఆమ్లమే, రబ్బరుకీ లోహానికీ రోజూ తగిలితే మంచిది కాదు. మా అంత ఉప్పు నీళ్లున్నా మూడు నెలలకోసారి చాలు. మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చేవాళ్లకి ఇంకా తక్కువ.

ఒక్క జాగ్రత్త మాత్రం పెద్ద అక్షరాల్లో రాసినట్టు చదవండి. నిమ్మ ఉప్పు వేసినప్పుడు బ్లీచింగ్ పౌడరు గానీ, తెల్లబట్టలకి వేసే క్లోరిన్ బ్లీచ్ గానీ అస్సలు కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులేసి ఉన్న బాల్కనీలో అది ప్రాణాల మీదకి తెస్తుంది.

వీడియోల్లో చూపించే వెనిగర్, వంటసోడా చిట్కా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండూ కలిపితే బుసబుసమని పొంగుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. పొంగిపోయాక మిగిలేది ఏ బలమూ లేని ఉప్పు నీళ్లు. విడివిడిగా వేసినా కొంచెం ఉపయోగం ఉండేది. ఒకమ్మాయి అయితే డ్రమ్ములో కలరా ఉండ వేసింది! ఆ వారం హాస్టల్ మొత్తం పాత బీరువాలా గుప్పుమంది. యాంటీసెప్టిక్ లిక్విడ్ మూత పోసినవాళ్లూ ఉన్నారు. ఒక కంపు మీద ఇంకో వాసన పులమడం తప్ప ఒరిగింది లేదు.

ఇప్పుడు అసలు విషయం, సోడియం పర్‌కార్బొనేట్. ఆన్‌లైన్‌లో ఆక్సిజన్ బ్లీచ్ అని వెతికితే దొరుకుతుంది. కిలో మూడు వందల పైన పడింది. వేడినీళ్లలో ఇది రెండుగా విడిపోతుంది: ఒకటి చాకలిసోడా, ఇంకోటి హైడ్రోజన్ పెరాక్సైడ్. సోడా జిడ్డుని వదులు చేస్తుంది, పెరాక్సైడ్ క్రిముల్ని చంపుతుంది. గార మీద మాత్రం దీనికి చేతకాదు, దాని పని నిమ్మ ఉప్పుదే. చల్లనీళ్లలో దండగ, 60 డిగ్రీలు ఉండాలి. మిషన్ హీటర్ రెండు కిలోవాట్ల దాకా లాగుతుంది, కానీ అది నీళ్లు కాగేవరకే. నెలకోసారికి ఆ కరెంటు గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పనిచేసే తీరు కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను. ఖాళీ డ్రమ్ములో ఓ వంద గ్రాములు వేసి, 60 డిగ్రీల కాటన్ పెట్టి, నీళ్లు కాగి కాసేపు తిరిగాక పాజ్ నొక్కి ఓ రెండు గంటలు అలాగే నానబెట్టాను. తలుపు తెరవకూడదు, వేడినీళ్లు మీద పడతాయి. మళ్లీ ఆన్ చేసి గాజు దగ్గర కూర్చుంటే మొదట నీళ్లు టీ రంగుకి మారాయి. తర్వాత నల్లటి రేకులు, కాలిన కాగితం తడిస్తే ఉండే మసిపొరల్లాంటివి, గాజుకి అంటుకుని జారడం మొదలైంది. వాష్ అయ్యాక తీసి వేలితో నలిపితే జిగటగా సాగింది. మామూలు సబ్బు లేకపోయినా పాత సబ్బు కరిగి నురగ పొంగింది. ఇంకోసారి ఉత్తి నీళ్లతో తిప్పినా రేకులు వస్తూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈ నీళ్లలోనా బట్టలు ఉతుక్కున్నాం అని చూసిన పిల్లలంతా ముఖాలు చిట్లించారు. ఆ తర్వాత ఉతికిన తువ్వాళ్లకి వాసన లేదు. ఐదుకి ఐదు ఇవ్వకుండా నాలుగున్నర ఇవ్వడానికి కారణం, తెగిపడిన ఆ రేకులు ఫిల్టరులో చేరి నీళ్లు పోకుండా అడ్డం పడ్డాయి. నిమ్మ ఉప్పు వేసిన వాష్‌లోనే దీన్నీ వేయకండి. ఆమ్లం, సోడా కొట్టుకుని రెండూ పనికిరాకుండా పోతాయి. ఒక వారం ఇది, ఇంకో వారం అది.

ఫిల్టరు అన్నాను కదా. మిషన్ కింద కుడి మూలన చిన్న మూత ఉంటుంది, చాలా ఇళ్లలో కొన్నప్పటి నుంచి తెరిచి ఉండరు. ప్లగ్గు తీసేసి, కింద పళ్లెం, పాత గుడ్డ పెట్టుకుని, పక్కన సన్న గొట్టం ఉంటే ముందు దాంతో నీళ్లు వంచేసి, తర్వాత లోపలి ఫిల్టరుని ఎడమ పక్కకి తిప్పి తీయాలి. మా దాంట్లోంచి వచ్చినవి: పిన్నీసులు, హెయిర్ పిన్నులు, రూపాయి బిళ్లలు, ఒక చెవి కమ్మ, మాత్రల రేకు ముక్క, వీటన్నిటినీ చుట్టుకుని బొటనవేలంత లావు జుట్టు ఉండ. ఆ ఉండ వాసన రాయడానికి నాకు మాటలు చాలవు. మీ మిషన్‌లో వచ్చేది ముక్క వాసన కాకుండా మురుక్కాలువ కంపు అయితే పొడులు కొనే ముందు ఇది తెరవండి. ఖర్చు సున్నా.

సబ్బు వేసే డ్రాయరూ అంతే. మధ్యలో ఉన్న నాలుక లాంటి ప్లాస్టిక్ నొక్కి లాగితే పూర్తిగా బయటికి వస్తుంది. డ్రాయరు కడగడం అందరూ చేస్తారు, అది దూరే అర లోపలి పైకప్పు ఎవరూ చూడరు. నీళ్లు జారే ఆ చిన్న చిల్లుల చుట్టూ నల్ల బూజు ఉంటుంది. ఉతికే ప్రతి చుక్కా దాని మీదుగానే దిగుతుంది. టూత్ బ్రష్షు వంచి పట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వేసుకుని రుద్దాలి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు, మెకానిక్‌లు గాస్కెట్ అంటారు, దాని మడతని వేలితో బయటికి లాగి చూడండి. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. దారాలు, జుట్టు చేరి అవి మూసుకుంటే అక్కడే గుక్కెడు నీళ్లు నిలిచి కుళ్లుతాయి.

ఇక సర్వీసు. ముందు కంపెనీ కాల్ సెంటర్‌కి ఫోన్ చేశాను, పేరు రాయను. వచ్చిన అబ్బాయి మిషన్ తెరవలేదు, మూత కూడా తీయలేదు. నీళ్లు ఉప్పగా ఉన్నాయి, ఇదే కారణం అని తేల్చి, పొడి ప్యాకెట్ల కట్ట, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు అంటగట్టబోయాడు. వచ్చినందుకు విజిటింగ్ ఛార్జి తీసుకున్నాడు. ఐదుకి ఒకటే స్టారు, అదీ టైముకి వచ్చినందుకు.

తర్వాత మా వీధి చివర రిపేరు షాపు మెకానిక్‌ని పిలిచాను. డ్రమ్ బయటికి తీసి శుభ్రం చేయడానికి 1,500 మాట్లాడుకున్నాం. పొద్దున్న వచ్చి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా చేశాడు. ముందే ఒక మాట అడిగాడు, అది నాకు నచ్చింది: మిషన్ మోడల్ ఏది, టబ్బు స్క్రూలతో బిగించిందా, అతికేసిందా అని. కొన్ని మోడళ్లలో బయటి ప్లాస్టిక్ టబ్బు రెండు సగాలూ కలిపి అతికేసి ఉంటాయి. వాటిని విప్పాలంటే కోయాలి. కోసి మళ్లీ అతికిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. మాది అదృష్టవశాత్తు స్క్రూలది.

డ్రమ్ వెనకవైపు నేను చూస్తాననుకోలేదు. ముందు నుంచి చూస్తే వెండిలా మెరిసే స్టీలు. వెనక మూడు కాళ్ల అల్యూమినియం ముక్క డ్రమ్ముని పట్టుకుని ఉంటుంది, స్పైడర్ అంటారట. దాని కాళ్ల సందుల్లో బూడిద రంగు ముద్ద గట్టిగా పేరుకుని ఉంది. గరిటె కాడతో గీకితే పెచ్చులుగా ఊడింది, లోపల ఇంకా తడి. ఆ ముద్ద కింద అల్యూమినియం అక్కడక్కడా గుంటలు పడింది. "మేడమ్, మిషన్‌ల ఏం ఖరాబు లేదు. ఈ లిక్విడ్లు, కండిషనర్లు తక్కువ పొయ్యమని చెప్పుండ్రి పిల్లలకు. ఇట్లనే ఉంటే ఈ కాలు ఇరుగుతది, అప్పుడు కొత్త మిషనే" అన్నాడు. ఫొటో తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నేను ఎన్నిసార్లు నోటీసు అంటించినా రానిది ఆ ఒక్క ఫొటోతో వచ్చింది, సబ్బు వాడకం సగానికి పడిపోయింది. నురగ వస్తేనే ఉతికినట్టు అన్న నమ్మకం మన రక్తంలోనే ఉంది, ఫ్రంట్ లోడ్ మిషన్‌కి అదే శత్రువు. కండిషనరు అయితే తువ్వాళ్లకి పూర్తిగా మాన్పించాను. అది దారాల మీద జిడ్డు పొరలా ఉండి నీళ్లు పీల్చకుండా చేస్తుంది కూడా.

మెకానిక్‌కి మార్కులు తగ్గించాల్సినవి రెండున్నాయి. ముద్ద త్వరగా పోవాలని బాత్రూమ్ యాసిడ్ సీసా తీశాడు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆల్రెడీ గుంటలు పడిన అల్యూమినియం మీద అది పోస్తే అతను చెప్పిన ఆ విరగడం అక్కడికక్కడే మొదలవుతుంది. స్టీలుకీ మంచిది కాదు. "వద్దు బాబూ, సబ్బు నీళ్లు, బ్రష్షు వాడు" అంటే గొణుక్కుంటూనే వాడాడు. రెండోది, గాస్కెట్ చుట్టూ ఉండే తీగ క్లిప్పు సరిగ్గా బిగించలేదు, మొదటి వాష్‌కే తలుపు కింద నుంచి నీళ్లు కారాయి. ఫోన్ చేస్తే సాయంత్రమే వచ్చి సరిచేశాడు, పైసా అడగలేదు. అందుకే నాలుగు స్టార్లు.

అతను చేసిన ఇంకో పని బేరంలో లేనిది. నీళ్లు బయటికి పోయే గొట్టం మా దగ్గర నేల మీద పడుకుని, కొస బాల్కనీ జాలీలోపలికి దూరి ఉంది. అలా ఉంటే మురికి నీళ్లు గొట్టంలోనే నిలుస్తాయి, జాలీ కింద కాలువ కంపు గొట్టంలోంచి నేరుగా డ్రమ్ముకి ఎక్కుతుంది. దాన్ని గోడకి క్లిప్పు కొట్టి పైకి ఎత్తి, కొస జాలీకి పైనే వేలాడేలా పెట్టాడు. చాలా మిషన్ల పుస్తకాల్లో ఆ గొట్టం కొంత ఎత్తు మీదుగా, నేల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల పైన ఒక వంపు తిరిగి రావాలని ఉంటుంది. మన ప్లంబర్లు ఆ పేజీ చూడరు. సంక్రాంతికి పిల్లలంతా ఊళ్లకెళ్లి హాస్టల్ ఖాళీ అయినప్పుడు కూడా బాల్కనీలో కంపు వచ్చేది. అది మిషన్‌ది కాదు, వాడక, జాలీ కింద నిలిచి కాలువ కంపుని ఆపే నీళ్లు ఎండిపోవడం వల్ల. చెంబెడు నీళ్లు పోస్తే పోతుంది.

టాప్ లోడ్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. గాస్కెట్ ఉండదు గానీ, రెండు టబ్బుల మధ్య సందు, అడుగున తిరిగే పళ్లెం కింద ఇదే ముద్ద ఉంటుంది. చాలా టాప్ లోడ్‌లలో హీటరు ఉండదు కాబట్టి పర్‌కార్బొనేట్ వేయాలంటే గీజర్ నీళ్లు బకెట్లతో పోయాలి. దారాలు పట్టే సంచి మాత్రం వారానికోసారి తిరగేసి కడగండి.

కాలిన రబ్బరు వాసన వస్తుంటే ఇవేవీ కాదు. ప్లగ్గు తీసి, బెల్టో మోటారో చూడమని మెకానిక్‌కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మా మిషన్ ఎలా ఉందంటే, వాసన లేదు. వాష్ అయిపోగానే బట్టలు తీయకపోతే తర్వాతి వాళ్లు తీసి బకెట్లో పడేయొచ్చని రూలు పెట్టాను, గొడవలు పెరిగాయి గానీ రాత్రంతా తడి బట్టలు డ్రమ్ములో నానడం ఆగింది. తలుపు, డ్రాయరు రెండూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. తువ్వాళ్లు, లోదుస్తులు 60 డిగ్రీల్లోనే. రాత్రి చివరి వాష్ తర్వాత ఆయమ్మ గాస్కెట్ మడత పాత నూలు గుడ్డతో తుడుస్తుంది. పోనిదల్లా ఆ రబ్బరు మీద నల్ల మచ్చలు. బూజు రబ్బరులోకి దిగిపోయింది, నేను వాడినవేవీ వాటిని తాకలేదు. కొత్త గాస్కెట్ వేస్తానంటున్నాడు మెకానిక్, కంపెనీ సరుకు అయితే ధర ఎక్కువ, డూప్లికేట్ అయితే లీకు భయం. దసరా సెలవుల్లో కంపెనీదే తెప్పించి వేయిస్తాను, క్లిప్పు బిగించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడతాను.